పనిదొంగ ఎవడు?

“ఆఫీసులో విసుగ్గా ఉంది” అని ఎవరైనా నోరు తెరిచారా, మా మీర్‌పేటలో ఎదురొచ్చే మొదటి ప్రశ్న ఒక్కటే. “జీతమైతే పడుతున్నది గదా?” పడుతోందని చెప్పారో, ఇక మాట్లాడే హక్కు పోయినట్టే. కడుపు నిండిన బేరమని ముద్ర వేస్తారు. నల్లగొండ నుంచో పాలమూరు నుంచో మూటాముల్లె సర్దుకొచ్చి ఇక్కడ ఇటుకలు మోసిన మీ తాతను గుర్తుచేస్తారు. ఫ్లాటు లోను ఇంకా ఎన్నేళ్లుందో అడుగుతారు. చివరికి పొద్దున్నే లేచి ధ్యానం చేసుకోమని ఒక సలహా పారేసి, మీ ఇంటి చాయ్ తాగి లేచిపోతారు.

ఆ సలహా ఇచ్చేవాళ్లతోనే నాకు పేచీ.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆ తర్వాత తిడతారో, చదవడం మానేస్తారో మీ ఇష్టం. పనిచోట విసుగు దానంతటది పుట్టదు. దాన్ని పుట్టిస్తారు. మనిషిని నమ్మని పెద్దలు అతని చేతిలోంచి నిర్ణయాన్ని లాక్కుంటారు. అతని గంటలను మాత్రం గుప్పిట్లో పెట్టుకుంటారు. పని సారమంతా పైకి పోతే కింద మిగిలిన పిప్పి పేరు విసుగు. ఆ పిప్పిని నమల్లేక ఒకడు ఆవలిస్తే వాణ్ని పనిదొంగ అంటారు. పని దొంగిలించింది ఎవరో ఎవరూ అడగరు. నేను అడుగుతున్నాను.

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు దేశంలోని కుర్రవాళ్లు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరికి ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు ఆ లెక్కను 90కి పెంచారు. ఆదివారాలు మీచేత పనిచేయించలేకపోతున్నానే అని విచారం వెలిబుచ్చారు. ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపు చూస్తారని కూడా అడిగారు. ఆయన కంపెనీ కట్టిన మెట్రోలోనే మా పిల్లలు ఎల్బీనగర్‌లో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, హైటెక్ సిటీలో దిగుతారు. ఆ రైలు ఎక్కడానికే మీర్‌పేట చౌరస్తా నుంచి ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని పోతారు. రానూపోనూ మూడు గంటలు రోడ్డుకే ధారపోసేవాడికి తొంభై గంటల ఉపదేశం!

ఈ పెద్దలిద్దరినీ ఒక్క ప్రశ్న అడగాలి. ఆ గంటల్లో మాచేత ఏం చేయిస్తారు? గంటల గురించి ఇంత బాహాటంగా మాట్లాడినవాళ్లు పని గురించి ఒక్క ముక్క ఎందుకు మాట్లాడలేదు? మీ కుర్చీలో విసుగు రాదు, నిజమే. వంతెన ఎక్కడ కట్టాలి, ఎంత ఖర్చు పెట్టాలి, ఎవరిని ఎక్కడికి పంపాలి అని తేల్చే కుర్చీ అది. అలాంటి కుర్చీ ఇస్తే మా ఆటోడ్రైవరు కూడా తొంభై గంటలు కూర్చుంటాడు. నిర్ణయాలన్నీ తమ దగ్గర దాచుకుని, నిర్ణయం చేసే వీల్లేని మనిషికి ఉత్సాహం గురించి పాఠం చెప్పడం సిగ్గులేనితనం. 1930లో కీన్స్ అనే ఆర్థికవేత్త ఇంకో వందేళ్లకు మనుషులు వారానికి 15 గంటలు పనిచేస్తే సరిపోతుందని రాశాడు. ఆ వందేళ్లు నిండబోతున్నాయి. యంత్రాలు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి, మనిషి గంటలు మాత్రం అంతగా తగ్గలేదు. ఎందుకంటే ఆ గంటలు సరుకు ఉత్పత్తికి అక్కర్లేకపోయినా, పెత్తనానికి కావాలి.

దిల్‌సుఖ్‌నగర్ రండి, చూపిస్తాను.

బస్టాండు నుంచి కొత్తపేట దాకా రోడ్డుకు రెండు పక్కలా అంతస్తుల మీద అంతస్తులుగా లేచిన బట్టల దుకాణాలు. ఏ మంగళవారమో మధ్యాహ్నం మూడింటికి లోపలికి వెళ్లండి. ఆషాఢం సేలప్పుడు వద్దు, శ్రావణంలో, దసరాకు, పెళ్లి ముహూర్తాలప్పుడు వద్దు. అప్పుడు వాళ్లకు ఊపిరాడదు, ఆ కష్టం వేరు. ఖాళీ మధ్యాహ్నం వెళ్లండి. ఒక్కో కౌంటరు వెనక ఒకే రంగు చీర కట్టుకుని ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు నిలబడి ఉంటారు. మీర్‌పేట, బడంగ్‌పేట, హయత్‌నగర్, ఇబ్రహీంపట్నం నుంచి వచ్చినవాళ్లు. కొనేవాళ్లు లేరు. కూర్చోవడానికి లేదు. ఫోను పొద్దున్నే తీసి లోపల పెట్టించారు. పక్కమ్మాయితో మాట్లాడితే ఫ్లోర్ మేనేజరు “ఏంటి ముచ్చట్లు?” అంటాడు. ఇక చేయగలిగింది ఒక్కటే. మడిచి ఉన్న చీరను విప్పి మళ్లీ మడవడం. నెత్తి మీద కెమెరా చూస్తోంది కాబట్టి ఆ మడతలో శ్రద్ధ కూడా కనిపించాలి.

పని లేనప్పుడు పని ఉన్నట్టు కనపడటానికి వాళ్లకు జీతం. దానికన్నా బరువైన కూలి నాకు తెలియదు. మూటలు మోసే హమాలీకి మూట దించాక విరామం ఉంటుంది. ఈ అమ్మాయి దించుకోవడానికి ఏమీ లేదు.

ఇంకో మాట గమనించండి. చీర పట్టుకున్న తల్లి ముఖం చూసి ఆమె దగ్గర ఎంత డబ్బుందో ఆ అమ్మాయి చెప్పగలదు. ఏ అంచు కదులుతోందో, ఏ రంగు నెలల తరబడి అరలోనే పడి ఉందో, ఏ చీర మొదటి ఉతుకుకే వెనక్కి వస్తుందో ఆమెకు తెలుసు. సరుకు కొనడానికి సూరత్‌కూ కంచికీ ధర్మవరానికీ వెళ్లే యజమాని ఎప్పుడైనా ఆమెను అడిగాడా? అడగడు. ఆమె తెలివితో అతనికి పనిలేదు, ఆమె నిలబడితే చాలు. నిలబడ్డ మనిషే కొట్టుకు అలంకారం అని నమ్మే వ్యాపారం ఇది.

కేరళలో ఇదే అన్యాయం మీద కోజికోడ్ బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు ‘పెణ్‌కూట్టు’ అనే సంఘంగా కూడి ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో అక్కడి ప్రభుత్వం చట్టం మార్చి, దుకాణంలో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. కూర్చునే హక్కు కోసం చట్టం చేయాల్సిన దేశం మనది! అది చదివి ఇక్కడ ఏ నాయకుడికైనా చీమ కుట్టిందా? ఓట్ల కాలంలో ఇదే దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద చేతులూపుతూ పోయినవాళ్లలో ఒక్కరు ఆ అద్దాల లోపలికి చూసి, “అమ్మా, నీకు కుర్చీ ఏది?” అని అడిగారా?

“మాది ఆఫీసు ఉద్యోగం, మాకు కుర్చీ ఉంది, తిరిగే కుర్చీ” అంటారా? ఉంది. అందులో కూర్చున్న మీ సంగతీ చెబుతాను.

నాదర్‌గుల్ వైపో ఇబ్రహీంపట్నం వైపో కాలేజీలో నాలుగేళ్ల బీటెక్ చేసి, అమీర్‌పేటలో ఇంకో కోర్సు నేర్చి, పెద్ద కంపెనీలో చేరిన కుర్రవాడు చేసే పని ఏమిటి? టికెట్ మూయడం. ఎక్కడో డల్లాస్‌లో ఎవరికో సిస్టం తెరుచుకోలేదు. టికెట్ వస్తుంది. ఏం చేయాలో డాక్యుమెంటులో వరసగా రాసి ఉంటుంది. మొదటిది చేశావా, రెండోది చేశావా, ఏడోది చేశావా. అప్పటికీ తేలకపోతే పై లెవెల్‌కు తోసెయ్. అసలు తప్పు ఎక్కడుందో కుర్రవాడికి అర్థమైనా దాన్ని ముట్టుకోవడానికి అనుమతి లేదు. ముట్టుకుంటే ఆడిట్‌లో దొరుకుతాడు. చదువుకున్న చదువంతా వాడితే నేరం, వాడకపోతే మంచి ఉద్యోగి. రాత్రి రెండు గంటలకు క్యాబ్‌లో వచ్చి కూర్చుని, పొద్దున ఎండ వచ్చేదాకా ఇదే. మధ్యలో స్టాండప్ కాల్. నిన్న ఏం చేశావు? టికెట్లు మూశాను. ఇవాళ ఏం చేస్తావు? టికెట్లు మూస్తాను. వినేవాడికీ విసుగే, చెప్పేవాడికీ విసుగే. ఆ కాల్ రద్దు చేద్దామని అనే ధైర్యం ఇద్దరికీ లేదు, ఎందుకంటే ఆ కాల్ లేకపోతే పైవాడి ఉద్యోగానికి అర్థం లేదు.

ఇక వాళ్లు కొలిచేది చూడండి. తెర మీద పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతోందా లేదా! 2024లో వెల్స్ ఫార్గో బ్యాంకు అమెరికాలో పన్నెండు మందికి పైగా ఉద్యోగులను తీసేసింది. పనిచేస్తున్నట్టు భ్రమ కలిగేలా కీబోర్డు కదలికలు సృష్టించారట, అదీ నేరం. మౌసును వాటంతటవే కదిలించే పరికరాలు బజారులో అమ్ముతున్నారు. పేపర్లన్నీ ఉద్యోగుల మోసం గురించి రాశాయి. ఆ మోసానికి చోటెక్కడిదని రాయాల్సింది. మనిషి లేకుండా ఒక చిన్న మోటారు మౌసును ఊపుతుంటే అతను పనిచేస్తున్నాడో లేదో తెలుసుకోలేని కంపెనీకి, అతను చేసే పని ఏమిటో తెలుసా? కీబోర్డు కదలికను కొలిచేవాడికి కీబోర్డు కదలికే దొరుకుతుంది. న్యాయమైన బేరం అది.

ఫ్రాన్సులో ఒక పరిమళాల కంపెనీ ఉద్యోగి, తనకు పని ఇవ్వకుండా ఏళ్ల తరబడి కూర్చోబెట్టి తన ఆరోగ్యాన్ని పాడుచేశారని కోర్టుకెక్కాడు. 2020లో పారిస్ అప్పీలు కోర్టు దాన్ని వేధింపుగానే చూసి, పరిహారం ఇప్పించింది. ఇక్కడ ఆ మాట చెబితే మీ మామయ్యే నవ్వుతాడు. “పని చెయ్యకుండ పైసలిస్తే బాధేంరా?” బ్రిటన్‌లో 2015లో యూగవ్ సంస్థ సర్వే చేస్తే, తమ ఉద్యోగం వల్ల లోకానికి పనికొచ్చేది ఏమీ జరగడం లేదని 37 శాతం మంది ఒప్పుకున్నారు. ఇక్కడ ఆ ప్రశ్న అడిగే దమ్ము ఏ కంపెనీకి ఉంది? ఇదిలా ఉండగా 2025 జులైలో మన రాష్ట్ర ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పనిచేయించుకోవచ్చని, వారానికి 48 గంటల పరిమితి పెడుతూ ఉత్తర్వు ఇచ్చింది. వ్యాపారం సులువవుతుందట. ఎనిమిది గంటల్లో ఆరు గంటలు పచ్చ చుక్కకు కాపలా కాసేవాడి రోజుకు ఇంకో రెండు గంటలు కలిపితే సులువయ్యే వ్యాపారం ఏమిటో ఉత్తర్వు రాసిన అధికారి వచ్చి మాకు చెప్పాలి.

ఈ ఓర్పు కుర్రవాడికి ఎక్కడ అబ్బింది? ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్‌ల జూనియర్ కాలేజీల్లో. అక్కడ పాఠం చెప్పే లెక్చరర్ చేతికి హెడ్డాఫీసు నుంచి మైక్రో షెడ్యూలు వస్తుంది. ఈ తారీఖు, ఈ పీరియడు, ఈ పేజీ. ఏ ఊరి బ్రాంచిలోనైనా అదే రోజు అదే పేజీ. ఒకే పాఠం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నాలుగు సెక్షన్లకు. పాఠం మధ్యలో ఒక పిల్ల లేచి నిజంగా మంచి ప్రశ్న వేసిందనుకోండి, ఆయన వాచీ చూసుకుంటాడు. జవాబు తెలియక కాదు. జవాబు చెబితే షెడ్యూలు తప్పుతుంది, వారాంతపు పరీక్షలో సెక్షను మార్కులు తగ్గుతాయి, సోమవారం ప్రిన్సిపాల్ గదిలో నిలబడాలి. భౌతికశాస్త్రాన్ని ప్రేమించి ఎమ్మెస్సీ చేసిన మనిషిని టేప్‌రికార్డరుగా మార్చారు. ఆయన విసుగును రెండేళ్లు చూసిన పిల్లలు, చదువంటే విసుగును పళ్లబిగువున భరించడమేనని నేర్చుకుంటారు. ర్యాంకు కొడతారు. తర్వాత టికెట్లు మూస్తారు. తల్లిదండ్రులు ఫ్లెక్సీ కట్టిస్తారు.

ప్రభుత్వ బడి టీచరు బతుకు మెరుగనుకోకండి. 2025 ఆగస్టు నుంచి ముఖం ఫోనుకు చూపించి హాజరు వేయాలి. బడికి ఎగ్గొట్టే టీచర్లున్నారు, వాళ్లను పట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ముఖం వచ్చిందని తెలిసింది సరే, ఆ ముఖం వెనక మనిషికి తన తరగతిలో దేన్నైనా మార్చే అధికారం ఉందా? భోజనం లెక్క యాప్‌లో, పుస్తకాల లెక్క యాప్‌లో, పిల్లల వివరాలు యాప్‌లో. ఎక్కించినవే మళ్లీ ఎక్కించాలి. పిల్లలు అటు చూస్తుంటారు, టీచరు ఫోను చూస్తుంటాడు.

“అందుకే సార్, గ్రూప్స్ కొట్టాలి. గవర్నమెంట్ ఆఫీసులో పడితే లైఫ్ సెట్.” దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఒక్కో గదికి నలుగురేసి పడుకుని ఈ మంత్రం జపిస్తున్న తమ్ముళ్లారా, మీ మీద నాకు కోపం లేదు. గ్రూప్-4లో ఎనిమిది వేల పైచిలుకు పోస్టులకు తొమ్మిదిన్నర లక్షల మంది దరఖాస్తు పెట్టారు. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో రాశారు, పేపరు లీకై రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ రాశారు, అదీ హైకోర్టులో రద్దయింది. మీ యవ్వనాన్ని ఇలా తిన్నవాళ్లను తిట్టడానికి నాకు మాటలు చాలవు. కానీ మీరు కలగంటున్న ఆ కుర్చీ సంగతి మీకు ఎవరూ చెప్పడం లేదు. ఎంటెక్ చేసిన మనిషి జూనియర్ అసిస్టెంటుగా కూర్చుని పై అధికారి ఆమోదం కొరకు ఫైలు పెడతాడు. ఆ ఫైలు ఎందుకు ఆగిందో తెలుసు, ఎలా కదిలించాలో తెలుసు, కదిలించే అధికారం లేదు. ఐదేళ్లలో ఆ తెలివి తుప్పు పడుతుంది. పదేళ్లకు కౌంటరు ముందు నిలబడ్డ ముసలమ్మను “రేపు రా” అంటాడు. ఆ కసురు వెనక ఉన్నది పొగరు మాత్రమే అనుకున్నారా? చచ్చిపోయిన పని వాసన అది.

ప్రభుత్వమే దగ్గరుండి విసుగును తయారుచేసిన సందర్భం మన కళ్ల ముందే జరిగింది. 2020 సెప్టెంబరులో వీఆర్వో వ్యవస్థను శాసనసభలో రద్దు చేశారు. అవినీతి పెరిగిందన్నారు. పెరిగిన మాట అబద్ధం కాదు, పట్టా పుస్తకానికి లంచం ఇచ్చిన రైతులు ఊరికొకరు దొరుకుతారు. అయితే లంచం తిన్నవాడి మీద కేసు పెట్టాలి. అలా చేయకుండా ఐదు వేల మందికి పైగా ఉద్యోగులను పేరున్న పని లేకుండా దాదాపు రెండేళ్లు గాల్లో వేలాడదీశారు. జీతం అందింది. కుర్చీ ఎక్కడో తెలియదు, రేపు ఏ శాఖో తెలియదు. 2022లో లాటరీ తీసి తలో శాఖకూ పంపేశారు. భూమి సర్వే నంబర్లు కంఠతా వచ్చినవాడు ఏదో శాఖలో చేరి మొదటి నుంచి గుమాస్తాగిరీ నేర్చుకున్నాడు. 2025 సెప్టెంబరుకు ఊళ్లలో రెవెన్యూ చూసే మనిషి లేకపోతే నడవదని తెలిసొచ్చి, గ్రామ పాలనాధికారి అని కొత్త పేరు పెట్టి, పాత వీఆర్వోలు, వీఆర్‌ఏల నుంచే చాలామందిని తీసుకుని ఉత్తర్వులు చేతికిచ్చారు. ఐదేళ్ల పాటు ఆ మనుషుల లోపల ఏం చచ్చిందో లెక్క కట్టిన అధికారి ఒక్కడూ లేడు. “జీతమైతే ఇచ్చినం గదా!” మీర్‌పేట మామయ్య మాటే సచివాలయం మాట.

ఇక్కడ నన్ను ఆపి ఒక తెలివైన పాఠకుడు అంటాడు: “ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తే ఎవరికైనా విసుగే. యంత్రయుగం, ఏం చేస్తాం?” ఈ వాదన పాతదే. 1776లోనే ఆడమ్ స్మిత్ పనిని ముక్కలుగా కోసి పంచితే గుండుసూదులు వేల లెక్కన తయారవుతాయని మెచ్చుకున్నాడు. అదే పుస్తకం చివరి భాగంలో, జీవితమంతా ఒకటి రెండు ముక్క పనులకే కట్టేసిన మనిషి మొద్దుబారిపోతాడని కూడా హెచ్చరించాడు. మొదటి మాటను మన మేనేజ్‌మెంటు కోర్సులు పూజిస్తాయి. రెండో మాటను దాచేస్తాయి.

కానీ మళ్లీ మళ్లీ చేయడం ఒక్కటే కారణమని నేను ఒప్పుకోను. ఎల్బీనగర్ నుంచి విజయవాడ రోడ్డెక్కితే గంటన్నరలో పోచంపల్లి. మగ్గం మీద కూర్చున్న మనిషి నాడెను రోజుకు ఎన్ని వేల సార్లు విసురుతాడో చూడండి. చేతి కదలిక ఒక్కటే. అయినా అతని కళ్లలో దుకాణంలో నిలబడ్డ అమ్మాయి కళ్లలోని శూన్యం ఉండదు. నేయకముందే నూలు మీద చిటికి కట్టి, రంగులద్ది, ఏ పోగు ఎక్కడ పడితే ఏ పువ్వు లేస్తుందో అతను మనసులో గీసుకున్నాడు. పోగు తప్పితే తనకు తెలుస్తుంది, తనే సరిచేస్తాడు, చివర్న చీర మొత్తం తన కళ్లముందు పరుచుకుంటుంది. హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు 1970లలో తేల్చింది కూడా ఇంచుమించు ఇదే. పని మొదలూ తుదా కనపడాలి, దానివల్ల ఎవరికి మేలో తెలియాలి, ఎలా చేయాలన్నది చేసేవాడి చేతిలో ఉండాలి.

నేతన్న బతుకును పూలపాన్పని చెప్పడం లేదు. షావుకారు అప్పు కింద నలిగిన ఇళ్లు ఆ ఊళ్లో ఎన్నో. మగ్గం పక్కనే ఇంకో పని కూడా ఉండేది, ఆసు పోయడం. నేతన్న ఇంటి ఆడవాళ్లు ఒక్క చీరకు వేలసార్లు చేయి చాచి నూలును మేకుల చుట్టూ తిప్పాలి. భుజాలు అరిగిపోయేవి. ఆలేరు దగ్గరి శారాజీపేట కుర్రవాడు చింతకింది మల్లేశం బడి మధ్యలోనే మానేసినవాడు. తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పి చూడలేక, హైదరాబాద్‌లో కరెంటు పనులు చేసుకుంటూనే ఏళ్ల తరబడి తంటాలు పడి, 1999లో ఆసు యంత్రం చేశాడు. తల్లి పేరే దానికి పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు నేను అడిగేది వినండి. ఆ యంత్రాన్ని ఏ మేనేజరు చేశాడు? ఏ కన్సల్టెంటు చేశాడు? విసుగులో, నొప్పిలో ఏ భాగం యంత్రానికి ఇవ్వాలో, ఏ భాగం మనిషి చేతిలో ఉంచాలో తెలిసింది ఆ పని పక్కన పెరిగినవాడికి. అతను అది చేయగలిగాడంటే, “నీ పని నువ్వు చూసుకో, పైవాళ్లు ఆలోచిస్తారు” అని అడ్డుపడే బ్యాడ్జి మెడలో ఎవరూ వేయలేదు కాబట్టి. మన ఆఫీసుల్లో ఎంతమంది మల్లేశంలు టికెట్లు మూస్తూ కూర్చున్నారో ఆలోచిస్తే నాకు నిద్ర పట్టదు.

ఇంతదాకా తలూపుతూ చదివారు కదా. బాసును తిట్టినంతసేపూ హాయిగా ఉంది కదా. ఇక మీ గేటు దగ్గరికి వద్దాం.

మీర్‌పేట, జిల్లెలగూడ, కర్మన్‌ఘాట్ కాలనీల్లో ఏ అపార్ట్‌మెంటుకైనా కింద ఒక వాచ్‌మన్ ఉంటాడు. మెట్ల కింద గది. పొద్దున నీళ్ల మోటారు వెయ్యాలి, కార్లు తుడవాలి, కొరియర్లు అందుకోవాలి. రాత్రి? రాత్రి గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో మేలుకుని ఉండాలి. ఏం చూస్తూ? ఏమీ జరగని రోడ్డును చూస్తూ. 1948లో బ్రిటన్‌లో మాక్‌వర్త్ అనే మనస్తత్వవేత్త, రాడార్ తెర ముందు కాపలా కాసే సైనికులు ఎందుకు గుర్తులు చూడకుండా వదిలేస్తున్నారో పరీక్షించిన ఫలితాలు ప్రచురించాడు. గడియారం లాంటి పరికరంలో ముల్లు అప్పుడప్పుడు రెట్టింపు గెంతు వేస్తుంది, అది పట్టుకోవాలి. తర్ఫీదు పొందిన యువకుల చూపు కూడా మొదటి అరగంటకే జారిపోయింది. యుద్ధం కోసం తయారైన మనిషికి అరగంట! మీరు నెలకు కొన్ని వేలు ఇచ్చి మీ వాచ్‌మన్‌ను పన్నెండు గంటలు అడుగుతున్నారు, అదీ పగలంతా పనిచేయించాక.

అతను కునుకు తీస్తాడు. తీయక చస్తాడా? వెంటనే అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఫొటో. “చూడండి మన సెక్యూరిటీ!” ఆ ఫొటో తీసింది ఎవరో మా దగ్గర నేను స్వయంగా చూశాను. నైట్ షిఫ్టు నుంచి క్యాబ్ దిగిన సాఫ్ట్‌వేర్ కుర్రవాడు. తన పేరు పక్కన పచ్చ చుక్క కోసం రాత్రంతా మౌసు కదిలించి వచ్చినవాడు. పైవాడు తనకు చేసింది కిందవాడికి చేయడానికి అతనికి పదిహేను సెకన్లు పట్టింది. కింద పద్దెనిమిది మంది బొటనవేలు పైకెత్తి మెచ్చుకున్నారు. వాళ్లలో బ్యాంకు ఉద్యోగి ఉన్నాడు, లెక్చరర్ ఉన్నాడు, రిటైరైన రెవెన్యూ ఆయన ఉన్నాడు. నేను ఇంతసేపు ఎవరి తరఫున అరిచానో వాళ్లందరూ ఉన్నారు.

విసుగును తయారుచేసేవాళ్లు పైఅంతస్తుల్లోనే ఉంటారని మీరు అనుకుంటున్నంత కాలం ఏదీ మారదు. మీ కింద ఒక్క మనిషి ఉన్నా సరే, మీరూ యజమానే. ఇంట్లో పనిమనిషి గిన్నెలు తోమి అయిపోయాక కూర్చుంటే మీ ఇంటావిడకు ఎందుకు చిరాకు? పని అయిపోయింది కదా. డ్రైవరు కారులో పుస్తకం చదివితే మీకు ఎందుకు మంట? మీరు కొన్నది పనిని కాదు, ఆ మనిషి కాలాన్ని, ఆ కాలంలో అతని తలను కూడా. అదే బేరం మీ ఆఫీసు మీతో చేసుకుంది. అక్కడ మీరు ఏడుస్తారు, ఇక్కడ మీరు ఏడిపిస్తారు.

పోయిన నెల మా అపార్ట్‌మెంటు మీటింగులో నేను లేచి చెప్పాను. రాత్రికి రెండో మనిషిని పెట్టుకుందాం, ఇరవై ఫ్లాట్లకు పంచితే ఒక్కొక్కరికి నెలకు ఏడు వందలు. ఉన్న మనిషి రాత్రి పడుకోవాలి. గేటు తాళం ఎప్పుడు వెయ్యాలి, నీళ్ల ట్యాంకరు ఎప్పుడు పిలవాలి, ఏ రిపేరు ముందు చేయించాలి అన్నది ఆయన్నే తేల్చనిద్దాం, ఈ బిల్డింగు గురించి మనకన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. నవ్వారు. “వాచ్‌మన్‌ను ప్రెసిడెంటు చెయ్యి సార్!” అన్నాడొకడు. ఇంకొకడు “ఏడు వందలు ఊర్కెనే వస్తున్నాయా?” అన్నాడు. ఆయన శనివారం రాత్రి పిజ్జాకు ఎంత పెడతాడో వాళ్ల పిల్లవాడే మా పిల్లలకు చెబుతుంటాడు.

వచ్చే ఆదివారం మళ్లీ మీటింగు ఉంది. ప్రతిపాదన ఈసారి కాగితం మీద రాసి తెస్తున్నాను. వ్యతిరేకించేవాళ్లు గ్రూపులో నవ్వు బొమ్మలు పెట్టి తప్పుకోవద్దు. ముందు ఒక్క రాత్రి, పది నుంచి ఆరు దాకా, ఫోను ఇంట్లో పెట్టి ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోండి. కునుకు పడితే ఫొటో తీయడానికి నేనే వస్తాను. ఆ మర్నాడు మీటింగులో అందరి ముందు లేచి, మీ ఫ్లాటు నంబరు చెప్పి, కాదనండి.